హృదయ రంధ్రములు: వానికి దగిన మూత నెన్నుకొను విధము
(మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



మగ్గము, నూలు, విద్యార్థి వసతి, వివాహవ్యయము మున్నగు విషయములు చర్చకు వచ్చు నీ వేదికపై గుండెజబ్బును గుఱించిన ప్రసంగ మేల యని కొందఱికి దోచవచ్చును. పదునాఱేండ్ల యాయువుతో బుట్టిన మార్కండేయుడు చిరంజీవి యగుట మనమందఱము చిన్ననాటనే విన్న కథ. పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో నించుమించు 8 లేక 9 మందికి గుండె నిర్మాణమున నేదియో యొక లోపముండునని వైద్యుల లెక్క. అనగా మూడు జిల్లాల మన కుటుంబములలో నిట్టి బిడ్డలు ప్రతి సంవత్సరము పుట్టుచునే యున్నారు. వారిలో పెక్కుమందికి దీర్ఘాయువు కల్పించుట నేటి వైద్యమునకు సాధ్యమైన పని. అట్లయ్యు కొందఱు బిడ్డలు మనకు దక్కకపోవుటకు కారణము వైద్యము లేమి గాదు. ఆలస్యమొకటి, దాపరికము రెండవది, తప్పు ప్రశ్న నడుగుట మూడవది. నేను వైద్యవృత్తియం దున్నవాడను గనుక నీ మూడింటిని గుఱించి చెప్పుట నా విధియని తలచి మీ యనుమతితో నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

బిడ్డ గుండెలో రంధ్రమున్నదని తెలిసిన వెంటనే మనవారు వైద్యుని రెండు ప్రశ్న లడుగుదురు. "కోత లేకుండ నగునా?" యనునది మొదటిది. "ఏ కంపెనీ డివైసు మంచిది?" యనునది రెండవది. రెండును సహజమైనవే. కాని వీనికంటె ముం దడుగవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. "ఈ రంధ్రము ఏ జాతిది, ఎచ్చట నున్నది, దాని యంచు లెట్లున్నవి?" యనునదే యా ప్రశ్న. దీనికి సరియైన జవాబు దొరికినచో మొదటి రెండు ప్రశ్నలకును జవాబు తనంతట వచ్చును. రంధ్రమే మూతను నిర్ణయించును. ధరయు, పేరును, ప్రకటనయు నిర్ణయింపరాదు. నా యుపన్యాసమంతయు నీ యొక్క మాటకు వ్యాఖ్యానము.

రంధ్రముల జాతులు

గుండె నాలుగు గదుల యిల్లు. పైన రెండు గదులు, క్రింద రెండు గదులు. కుడి భాగమున మలినరక్తము, ఎడమ భాగమున శుద్ధరక్తము ప్రవహించును. ఈ రెండును గలియకుండ నడుమ నొక యడ్డుగోడ కలదు. పై గదుల నడుమ గోడలో రంధ్రమున్నచో దానిని ఏ.ఎస్.డి. యందురు. క్రింది గదుల నడుమ గోడలో నున్నచో వి.ఎస్.డి. యందురు. మూడవది యసలు రంధ్రము గాదు. తల్లిగర్భమున నుండగా బిడ్డ యూపిరితిత్తులు పనిచేయవు గనుక బృహద్ధమనికిని పుపుస ధమనికిని నడుమ నొక చిన్న నాళము తెఱచియుండును. పుట్టిన కొలది దినములకే యది మూసికొనవలయును. మూసికొననిచో దానిని పి.డి.ఏ. యందురు.

ఈ మూడింటిలో దేనివలన నైనను ఎడమవైపు రక్తము కుడివైపునకు బొరలి యూపిరితిత్తులలోనికి వలసినదానికంటె హెచ్చుగా బోవును. పసిబిడ్డ పాలు త్రాగుచు నాయాసపడుట, నుదుట చెమట పట్టుట, బరువు పెరుగకుండుట, మాటిమాటికి దగ్గు, న్యుమోనియా వచ్చుట దీని గుఱుతులు. పై గోడ రంధ్రము మాత్రము మిగుల దొంగది. ఏ గుఱుతును చూపక బిడ్డ పెద్దవాడై, పెండ్లియాడి, నలుబదియేండ్లు వచ్చువఱకును దాగియుండ గలదు.

రంధ్రములన్నియు మూయవలసినవి గావు. ఏ.ఎస్.డి.లో 5 మిల్లిమీటర్లకు లోబడినవి పెక్కు శైశవముననే మూసికొనును. క్రింది గోడలోని చిన్న రంధ్రములలోను తమంతట మూసికొనునవి చాల గలవు. కావున "కనిపెట్టుచుండుడు, ఆఱు నెలలకు మరల తీసికొనిరండు" అని వైద్యుడు చెప్పినచో నది యుపేక్ష గాదు. అదియు నొక చికిత్సయే.

కోత లేని మార్గము ఏర్పడిన విధము

మొదట నీ లోపములకు శస్త్రచికిత్స యొక్కటే దిక్కు. 1938లో అమెరికాలోని బోస్టనునందు రాబర్టు గ్రాస్ అను వైద్యుడు మూయబడని నాళమును ముడివైచి యొక బాలికను రక్షించెను. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ గుండెకును ఊపిరితిత్తులకును బదులుగా బనిచేయు యంత్రమును తగిల్చి, గుండెను తెఱచి పై గోడ రంధ్రమును కుట్టెను.

ఛాతీ తెఱవకుండ రక్తనాళముగుండ గుండెను జేరవచ్చునను సంగతి అంతకు మునుపే తెలిసినది. 1929లో జర్మనీ దేశమున వెర్నర్ ఫోర్సుమన్ అను యువవైద్యుడు తన చేతి సిరగుండ సన్నని గొట్టమును తన గుండెలోనికే పంపుకొనెను. ఆనాడు చీవాట్లు తిన్న యతనికే 1956లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆ గొట్టమునే క్యాథెటరందురు. దాని మార్గమున నాళమును మూసిన వృత్తాంతమును 1967లో జర్మనీ వైద్యుడగు పోర్స్టుమన్ ప్రకటించెను. పై గోడ రంధ్రమునకు మొదట మూతవేసినవారు అమెరికాలో కింగ్, మిల్స్ అను నిరువురు, 1975లో. ఆ నాటి మూతలు పెద్దవి, బిరుసైనవి. వానిని పంపు గొట్టములు పసిబిడ్డల సిరలలో బట్టునవి గావు. 1995లో కుర్టు ఆంప్లాట్జ్ రూపొందించిన మూత వాడుకలోనికి వచ్చిన పిమ్మటనే యీ విద్య లోకమంతట వ్యాపించినది. 2001 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము దాని కనుమతి నిచ్చినది.

తీగతో నల్లిన మూత

ఈ మూత యెట్లుండునో మన కులమువారికి జెప్పుట సులభము. ఇది నేతపనికి చుట్టమైన అల్లికపని. నికెలు, టైటానియము అను లోహములు గలిపిన నైటినాల్ అను మిశ్రలోహమును అమెరికా నౌకాదళ పరిశోధనశాలవారు కనుగొనిరి. దాని తీగలను వెండ్రుకవలె సన్నగా దీసి జాలిగా నల్లుదురు. ఆ జాలికి అచ్చులో వేడిచేత రూప మిత్తురు. ఇక నా జాలిని లాగి సన్నని గొట్టములో దూర్చినను, బయటికి వచ్చిన వెంటనే తన మొదటి రూపమునకే తిరిగి వచ్చును. రూపమును మఱవని లోహమన్నమాట. రెండు చక్రములు, వాని నడుమ నొక నడుము. రంధ్రమున కావలివైపు నొక చక్రము, ఈవలివైపు నొక చక్రము, రంధ్రములో నడుము. జాలి లోపల పాలిస్టరు గుడ్డ కుట్టబడి యుండును. ఆ గుడ్డపై రక్తము గడ్డకట్టి, మూడు మొదలు ఆఱు నెలలలో గుండె లోపలి పొర దానిపై బెరిగి, మూత గోడలో నొక భాగమైపోవును. మనవారు దీనిని గొడుగనియు, బటననియు బిలుచుచున్నారు. రెండు పేర్లును తగియే యున్నవి.

ఈ పని చేయు నేర్పు చేతివ్రేళ్ళలోనిదే యనుటకు దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశము నిదర్శనము. లా పాజ్ నగరము సముద్రమట్టమునకు మిక్కిలి యెత్తున నున్నది. ప్రాణవాయువు తక్కువగు నట్టి యెత్తులలో బుట్టిన శిశువులకు నాళము మూసికొనకుండుట హెచ్చు. అచ్చటి ఫ్రాంజ్ ఫ్రాయిడెంతాల్ అను వైద్యుడు ఒకే తీగతో నల్లదగిన మూతను గల్పించెను. తరతరములుగా నేతపని, అల్లికపని యెఱిగిన అయ్మారా జాతి స్త్రీలు దానిని చేతులతో నల్లుచున్నారు. యంత్రము చేయలేని సున్నితపు పనిని నేతగత్తె వ్రేళ్ళు చేయుచున్నవని విన్నప్పుడు మన హృదయములు గర్వముచేత నుప్పొంగకుండునా?

పై గోడకు మూత

ఏ.ఎస్.డి.లో నొక్క జాతికే సాధారణముగా మూత పనికివచ్చును. గోడ నడుమ భాగమున నుండు దానిని సెకండమ్ జాతి యందురు. గోడ క్రిందిభాగమున కవాటముల నంటియుండు ప్రైమమ్ జాతికిని, సిర వచ్చి చేరు చోట నుండు సైనస్ వీనోసస్ జాతికిని శస్త్రచికిత్సయే సాధారణ మార్గము. మూత నిలుచుటకు చుట్టును గోడ యుండవలయును గదా! గోడ లేని మూలలో తలుపు బిగింప జూచువాడు వడ్రంగి గాడు.

సెకండమ్ జాతియం దైనను అంచులు కొలువవలయును. చుట్టును 5 మిల్లిమీటర్ల యంచున్నచో మంచిది. బృహద్ధమనివైపు అంచు మాత్రము తక్కువైనను నేర్పరియైన వైద్యుడు మూత వేయవచ్చును. క్రిందివైపు మహాసిర దగ్గఱ అంచు లేకున్నచో మూత జాఱిపడు భయము మెండు. ఈ యంచులను ఛాతీపైనుండి చేయు ఎకో పరీక్షచేత కొంతవఱకే తెలిసికొన వీలగును. పెద్దపిల్లలకును, పెద్దవారికిని అన్నవాహికలోనికి గొట్టము పంపి చేయు ఎకో పరీక్ష స్పష్టముగా జూపును. కావున "మరల నింకొక ఎకో యేల?" యని విసుగుకొనరాదు. బట్ట కత్తిరించుటకు ముందు రెండుమాఱులు కొలుచుట మన కెఱుకయే గదా.

ఇక కొలత. ఆంప్లాట్జరు మూతలు నడుము కొలతనుబట్టి 4 మొదలు 40 మిల్లిమీటర్ల వఱకు దొరకును. కొందఱు వైద్యులు మెత్తని బెలూనును రంధ్రములోనికి బంపి, రక్తపు పొరలుట నిలిచిపోవువఱకే యుబ్బించి, ఆ కొలతను దీసికొందురు. మూత నడుము ఆ కొలతకు సరిగా గాని, ఒకటి రెండు మిల్లిమీటర్లు హెచ్చుగా గాని యుండిన జాలును. "పెద్దది వేసిన గట్టిగా నుండును గదా" యను నూహ ప్రమాదకరము. 20 మిల్లిమీటర్ల నడుముగల మూతకు ఎడమవైపు చక్రము 34 మిల్లిమీటర్లుండును. చిన్నబిడ్డ గుండెగోడ మొత్తము పొడవే యంత యుండకపోవచ్చును. అప్పుడు చక్రపు టంచు కవాటములను రాయును, సిరల దారి కడ్డుపడును. వలసినదానికంటె పెద్ద మూత ఎడతెగని రాపిడిచేత గుండె పైగోడను గాని, బృహద్ధమనిని గాని యొరసి చిల్లువేయుట మిగుల నరుదు. వేయింటికి ఒకటి మొదలు మూడువఱకని లెక్క. అరుదైనను ప్రాణాంతకము. చిన్నదైన మూత జాఱి కొట్టుకొనిపోవును. అట్లైనచో క్యాథెటరుతోనే పట్టి తీయవలయును, లేదా శస్త్రచికిత్స చేయవలయును.

బాధ లేని బిడ్డకు సాధారణముగా మూడు మొదలు ఐదు సంవత్సరముల వయస్సున, 15 కిలోల బరువు వచ్చిన పిమ్మట నీ పని చేయుదురు. తొందరపడుట వలన లాభము లేదు. పెండ్లియీడు వఱకు నాపుట తగదు.

క్రింది గోడకు మూత

క్రింది గోడ రంధ్రము కథ వేఱు. గుండె కొట్టుకొనుటకు వలయు విద్యుచ్ఛక్తిని గొనిపోవు నాడీతంతువు ఆ గోడలోనుండియే, అందును పెరిమెంబ్రేనస్ అను పైభాగపు రంధ్రము నంటుకొనియే పోవును. మహాధమని కవాటమును ఆ ప్రక్కనే కలదు. బిరుసైన మూత ఆ తంతువును నొక్కినచో గుండె నడక మందగించి, కొందఱికి జీవితాంతము పేసుమేకరు పెట్టవలసి వచ్చును. 2002 ప్రాంతమున నీ చోటి కొఱకే చేయబడిన మొదటి మూతలు కొందఱు బిడ్డల కీ యాపద దెచ్చుటచేత వైద్యులు వెనుదీసిరి. మెత్తని మూత కావలయునని యందఱును గుర్తించిరి.

ఇందు మన తెలుగువారి పాలు గొప్పది. హైదరాబాదులోని శిశుహృదయ వైద్యులు డాక్టరు కోనేటి నాగేశ్వరరావుగారు, వారి సహచరులు, నాళము కొఱకు జేయబడిన ఆంప్లాట్జరు డక్ట్ ఆక్లూడరు-2 అను మెత్తని, గుడ్డ లేని మూతను క్రింది గోడ రంధ్రములకు, ధమని మార్గమున వెనుకనుండి పంపి వేసిన యనుభవమును 2012లో అమెరికా హృదయవైద్య పత్రికయందు ప్రకటించిరి. పిమ్మట వారి యూహననుసరించి చీనా దేశపు షెన్‌జెన్ నగరమందలి లైఫ్‌టెక్ కంపెనీ వారు చేసిన మూతకు "కోనార్" అని పేరు. అది వారి పేరును కుదించినదే. 2018లో దానికి ఐరోపా యనుమతి వచ్చినది. దాని నడుము ఒకవైపు వెడల్పుగను, మఱియొకవైపు సన్నగను శంఖమువలె నుండి, కీలువలె వంగును. పట్టు మర రెండు వైపులను గలదు గనుక తొడ సిరనుండి గాని, ధమనినుండి గాని, ఏ వైపుననైనను పంపవచ్చును. 4 మొదలు 7 ఫ్రెంచి కొలత గల సన్నని గొట్టములే చాలును. మూడు ఫ్రెంచి యొక మిల్లిమీటరుతో సమానము. కావున చిన్నబిడ్డల రక్తనాళములకు నలుగుబాటు తక్కువ. అచ్చటి మూత యిచ్చటి బిడ్డల కొలతలను చూచిన వైద్యుని యూహనుండి పుట్టినదని మన మెఱుగుట మేలు.

ఇంత మంచి మూత యున్నను క్రింది గోడ రంధ్రములన్నియు దానికి లోబడవు. ధమనుల కవాటముల క్రిందనే యుండు రంధ్రమునకు మూత పనికిరాదు. దానివలన మహాధమని కవాటపు రెక్క రంధ్రములోనికి జాఱి పాడగును గనుక శస్త్రచికిత్స సకాలమున జరుగవలయును. కవాటముల నడుమ నుండు ఇన్‌లెట్ జాతియు శస్త్రమునకే చెందినది. పెద్ద రంధ్రముతో ఆయాసపడు నాఱు నెలల పసికందుకు, బరువు పెరుగువఱకు వేచి డివైసు వేయింతుమని నిలుచుట బిడ్డను పోగొట్టుకొను మార్గము. అట్టివానికి శస్త్రచికిత్సయే రక్ష.

మూయబడని నాళము

పి.డి.ఏ.లో సాధారణముగా మూతయే మొదటి మార్గము, శస్త్రము రెండవది. నాళము అన్నియు నొక్క రూపమున నుండవు. కొన్ని గరాటువలె నుండును, కొన్ని పొట్టిగా, కొన్ని పొడవుగా గొట్టమువలె నుండును. అన్నిటికంటె ఇఱుకైన చోటు ఎంత యున్నదను దానినిబట్టి మూత నెన్నుకొందురు. 3 మిల్లిమీటర్లకు లోబడిన చిన్న నాళమునకు చుట్టగా జుట్టిన తీగ, అనగా కాయిల్, పెక్కుచోట్ల జాలును. దాని ధర తక్కువ. అంతకంటె పెద్దదానికి డక్ట్ ఆక్లూడరు వలయును. దానిని ఇఱుకైన చోటికంటె రెండు మిల్లిమీటర్లు హెచ్చుగా నెన్నుకొందురు. "చౌకదానిని వేసినారు, మంచిది వేయలేదు" అని చిన్న నాళము గల బిడ్డ తండ్రి నొచ్చుకొనరాదు. పెద్ద నాళములో కాయిల్ పెట్టిన నది కొట్టుకొనిపోవచ్చును గాన, అచ్చట పొదుపు చేయరాదు. నెలలు నిండకుండ బుట్టిన శిశువులకు సైతము నేడు మూత కలదు. 700 గ్రాముల బరువు గల శిశువువఱకు వాడదగిన పిక్కోలో అను మూతకు 2019లో అమెరికాలో ననుమతి వచ్చినది.

మచ్చయు, మనువును

ఇక నేను మనసు విప్పి చెప్పవలసిన సంగతికి వచ్చితిని. "కోత లేకుండ నగునా?" యను ప్రశ్న వెనుక బిడ్డ నొప్పిని గుఱించిన జాలి యున్నది. ఆడుబిడ్డ విషయమున నింకొక భయమును గలదు. ఛాతీ నడుమ మచ్చ పడినచో రేపు సంబంధము వచ్చునా యను భయమది. ఈ భయముచేత శస్త్రము వలసిన చోట డివైసే కావలయునని పట్టుపట్టువారున్నారు. ఒక యాసుపత్రిలో కాదన్నచో ఔనను నాసుపత్రి కొఱకు తిరుగువారున్నారు. అసలు రంధ్రమున్న సంగతినే దాచి, వైద్యుని గడప త్రొక్కనివారును గలరు.

దీని ఫలితమేమి? పెద్ద రంధ్రమును ఏండ్ల తరబడి మూయనిచో ఊపిరితిత్తుల రక్తనాళములు గట్టిపడును. అచ్చటి పీడన మెంతగా పెరుగుననగా రక్తపు దిశయే మాఱి, మలినరక్తము శుద్ధరక్తములోనికి బొరలును. పెదవులు, గోళ్ళు నీలి తిరుగును. దీనిని ఐసెన్‌మెంగరు స్థితి యందురు. ఆ స్థితికి వచ్చిన పిమ్మట రంధ్రమును మూయరాదు. మూతవేసినను, కుట్టినను ప్రాణమునకే ముప్పు. ఆ స్త్రీ గర్భవతి యగుట తల్లికిని, శిశువునకును గొప్ప యపాయము. మచ్చకు వెఱచి మనువు చేసినవారు ఆ మనువునే మృత్యువు వాకిట నిలిపినవారగుదురు. సకాలమున మూతవేయబడి గాని, కుట్టబడి గాని, పుపుస పీడనము సరిగా నున్న బాలిక తక్కిన బాలికలవలెనే చదువును, పనిచేయును, పెండ్లియాడును, బిడ్డలను గనును. ఆమెను రోగిష్ఠి యనుట యన్యాయము.

సంబంధములు మాటలాడువారు, పెద్దమనుష్యులు, ఈ సభలోనే యున్నారు. ఛాతీపై మచ్చ యొక కొఱత కాదనియు, బిడ్డ ప్రాణమును తల్లిదండ్రులు రక్షించుకొనిన గుఱుతనియు మీ నోట వెలువడినచో, ఆ మాట చేయు మేలు ఏ యాసుపత్రియు చేయలేదు.

ఖర్చును గుఱించి

డివైసు ధర వేలనుండి లక్షవఱకును, అంతకు మించియు నుండును. అమెరికా, ఐరోపా, చీనా, థాయిలాండు దేశములలో జేయబడినవి మన విపణిలో గలవు. పరీక్షలకు నిలిచి అనుమతి పొందిన మూతలలో, కొలత కుదిరినది, ఆ వైద్యుని చేతికి బాగుగా నలవడినది మంచిది. హెచ్చు ధర యొక్కటే గుణమునకు సాక్ష్యము గాదు.

2007లో నారంభమైన ఆరోగ్యశ్రీ పథకమున నీ మూడు లోపములకును శస్త్రచికిత్సయు, మూతయు జేర్చబడినవి. తెలంగాణమున 2023 డిసెంబరునుండి కుటుంబమునకు సంవత్సరమునకు 10 లక్షల రూపాయలవఱకు నీ సదుపాయము కలదు. 2013లో నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చి పదునెనిమిదేండ్ల లోపు పిల్లలను పరీక్షించును. గుండె లోపములును ఆ పరీక్షలలో జేరియున్నవి. గంగారమువంటి యడవి మండలముల తల్లులకు బిడ్డ గుండెచప్పుడు వినిపించుట కింతకంటె దగ్గఱి దారి లేదు. మహబూబాబాదున 2022లో, జనగామ, భూపాలపల్లి పట్టణములలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు తెఱవబడినవి. అనుమాన మున్నచో ముందుగా నచ్చటికి, అచ్చటినుండి వరంగల్లునకు, అవసరమైనచో హైదరాబాదునకు బోవచ్చును.

మూత వేయుటకు సమ్మతి పత్రముపై సంతకము చేయుటకు ముందు తల్లిదండ్రు లీ ప్రశ్నలను తప్పక యడుగవలయును:

1. రంధ్రము ఏ జాతిది? దాని కొలత యెంత? అంచులు చాలునా?
2. ఊపిరితిత్తుల పీడనము ఎంత? మూయుటకు వీలగు స్థితిలోనే యున్నదా?
3. మా బిడ్డకు మూతయా, శస్త్రమా? ఏ కారణముచేత?
4. మూత కుదరకున్నచో, లేదా జాఱినచో, అదే యాసుపత్రిలో శస్త్రవైద్యుడు సిద్ధముగా నున్నాడా?
5. పథకములో డివైసు ధరయు జేరియున్నదా? వేఱుగా మేమేమైన నీయవలయునా?

ఇట్లడిగినందుకు మంచి వైద్యుడు కోపపడడు. విసుగుకొనిన వైద్యునికంటె, నెమ్మదిగా బొమ్మ గీచి చూపిన వైద్యునియందు నమ్మిక నుంచుడు.

మూత వేసిన పిమ్మట

మూత వేసిన మఱునాడో, మూడవనాడో బిడ్డ యింటికి వచ్చును. అంతటితో పని ముగిసినదని తలపరాదు. ఏ.ఎస్.డి. మూత వేసినవారికి సాధారణముగా నాఱు నెలలు ఆస్పిరిను నీయుదురు. ఆ యాఱు నెలలలో పంటికి చికిత్స చేయింప వలసివచ్చినచో, మూత సంగతి దంతవైద్యునికి ముందుగా జెప్పి, సూక్ష్మజీవులను జంపు మందు పుచ్చుకొనవలయును. కొన్ని వారములు దూకుడు ఆటలు మానవలయును. చెప్పిన గడువులకు ఎకో చేయింపవలయును. క్రింది గోడకు మూత వేసినవారికి ఇ.సి.జి. యును తప్పరాదు. గుండె నడకలోని మార్పు కొంతకాలమునకు గూడ రావచ్చును. ఛాతీనొప్పి, మూర్ఛ, ఆయాసము కనబడిన వెంటనే యాసుపత్రికి బరుగిడవలయును. మూత పేరు, కొలత, వేసిన తేది వ్రాసియున్న కార్డును భూమిపట్టాను దాచినట్లు దాచుడు. ఎమ్.ఆర్.ఐ. పరీక్షకు బోవునపుడు దానిని చూపిన జాలును. నైటినాల్ మూతలను అయస్కాంతము లాగి పెఱుకునను భయము నిరాధారము.

మన కర్తవ్యము

సంఘమువారికి మూడు మనవులు చేసి విరమింతును. మన సంఘ నిధినుండి డివైసు కొనియిచ్చుటకంటె, పేదబిడ్డ తల్లిదండ్రులకు వరంగల్లుకు, హైదరాబాదునకు బోవు దారిఖర్చు, అచ్చట నుండుటకు భోజన వసతి, రెండవ ఎకో పరీక్ష ఖర్చు, దినకూలి నష్టము నిచ్చుట మేలు. చికిత్స ఉచితమైనను ఈ చిల్లర ఖర్చులకు వెఱచియే పెక్కుమంది నడుమనే యాగిపోవుచున్నారు. రెండవది, గ్రామశాఖ లన్నిటను గుండె చికిత్స పొందిన బిడ్డల పట్టిక యొకటి వ్రాసియుంచి, గడువునకు పరీక్షకు బోవునట్లు గుర్తుచేయు బాధ్యతను ఒక యువకునకో, యువతికో యప్పగింపవలయును. మూడవది, గుండె చికిత్స పొందిన కన్యలను, వరులను ఆ కారణముచేత నిరాకరింపరాదను తీర్మానము నీ మహాసభయే చేయవలయును. మొదటి రెండును ధనముచేత నగును. మూడవదానికి మన మనస్సు చాలును.

తీగజాలిలో పోగు వదులైనను, బిగువైనను అల్లిక చెడును. బిడ్డ గుండెకు మూత నెన్నుకొనుటయు నట్టిదే. కొలత నెఱిగి, సమయ మెఱిగి, జాతి నెఱిగి చేయవలసిన పని. ఆ పనికి వైద్యులు సిద్ధముగా నున్నారు. బిడ్డను వేళకు వారి చేతికి అందించుట మన వంతు.

 మన బిడ్డలందఱును నూఱేండ్లు వర్ధిల్లుదురు గాక!